స్పెక్‌లో "రెస్ట్ ప్రోటోకాల్" అని ఉంది, దీన్ని ఏమని దిద్దాలి?

గుంటూరు మిర్చి ధరల యాప్‌కి ఏపీఐ (ప్రోగ్రాములు ఒకదాన్నొకటి సమాచారం అడిగే దారి) స్పెక్ ఇది. డ్రాఫ్టులో "రెస్ట్ ప్రోటోకాల్ వాడాలి" అని ఉంది. ప్రోటోకాల్, అంటే వెబ్‌లో సమాచారం పంపుకునే నియమాలు, హెచ్‌టీటీపీ కదండీ. రెస్ట్ అనేది రాయ్ ఫీల్డింగ్ 2000లో తన పీహెచ్‌డీ థీసిస్‌లో వివరించిన ఆర్కిటెక్చర్ శైలి.

పేరు సంగతి అలా ఉంచితే, అసలు తంటా లోపల. ప్రతి కాల్ ఒకే యూఆర్ఎల్‌కి పోస్ట్ (డేటా పంపే హెచ్‌టీటీపీ పద్ధతి), బాడీలో "గెట్‌రేట్స్". లాట్ నంబరు దొరక్కపోయినా స్టేటస్ 200 (అంతా సవ్యమే అని), జవాబులోని జేసన్‌లో (డేటా రాసే టెక్స్ట్ రూపం) మాత్రం "ఎర్రర్". దాంతో ధరలు మధ్యలో ఎక్కడా క్యాష్ కావు (నకలు దాచి మళ్లీ వాడుకోవడం కుదరదు), మానిటరింగ్‌లో అంతా పచ్చగానే కనిపిస్తుంది. ఇది జేసన్ తొడుక్కున్న ఆర్‌పీసీ (వేరే మెషీన్‌లోని ఫంక్షన్‌ని పేరుతో పిలిచే పద్ధతి), అంతే.

చదవడానికి గెట్, దొరకనిదానికి 404, నకలు దాచుకోవడానికి 60 సెకన్ల క్యాష్-కంట్రోల్ పెట్టించొచ్చు. జవాబుల్లో లింకులు మాత్రం ఉండవు. హైపర్‌మీడియా, అంటే తర్వాత ఏం చేయొచ్చో చూపే ఆ లింకులు, లేనిదాన్ని రెస్ట్ అంటే ఫీల్డింగే ఒప్పుకోడు. "హెచ్‌టీటీపీ మీద జేసన్ ఏపీఐ" అని రాస్తే సరిపోతుందా? విజయవాడ, గుంటూరుల్లో టెండర్ స్పెక్‌లు రాసేవాళ్లు తమ వాక్యం ఉన్నదున్నట్టు పెట్టగలరా?