గ్రాఫీన్ ఆక్సైడ్ వేస్తే ఎమ్‌టీటీ రీడింగ్ పెరుగుతోంది. కణపొర బాగున్నట్టేనా?

ప్రశ్న:
10 శాతం సీరం (రక్తం నుంచి తీసిన, ప్రోటీన్లున్న ద్రవం) ఉన్న మీడియంలో ఏ549 (మనిషి ఊపిరితిత్తుల క్యాన్సర్) కణాలకు 24 గంటలు గ్రాఫీన్ ఆక్సైడ్ (ఆక్సిజన్ చేరిన, చాలా పలుచని కార్బన్ రేకులు) ఇచ్చాం. మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల దగ్గర ఎమ్‌టీటీ (బతికున్న కణాలు ఊదా రంగుకు మార్చే రసాయనంతో చేసే పరీక్ష) రీడింగ్ కంట్రోల్ కన్నా ఎక్కువ వచ్చింది. మైక్రోస్కోపులో చూస్తే కణాలు గుండ్రబడి ఊడి తేలుతున్నాయి. ఎల్‌డీహెచ్ (పొర చిరిగితే కణం నుంచి బయటికి కారే ఎంజైమ్) పెరగలేదు. పొర దెబ్బతిందో లేదో ఎలా తేల్చాలండీ?

జవాబు 1:
ఈ రెండు రీడింగులనూ పక్కన పెట్టండి, మైక్రోస్కోపునే నమ్మండి. గ్రాఫీన్ పదార్థాలు కణాల సాయం లేకుండానే ఎమ్‌టీటీని ఫార్మజాన్ అనే ఊదా రంగు పదార్థంగా మారుస్తాయి. కణాలు లేని వెల్‌లో మీడియం, గ్రాఫీన్ ఆక్సైడ్, ఎమ్‌టీటీ మాత్రమే వేసి చూడండి, ఊదా రంగు వస్తుంది. ఆ విలువను తీసేస్తే సరిపోతుందనుకోవద్దు: కడిగాక కణాలకు ఎంత అంటుకుని మిగిలిందో వెల్ వెల్‌కీ మారుతుంది. దీని బదులు డబ్ల్యూఎస్‌టీ-8 అనే ఇలాంటి రంగు పరీక్ష మేలు. దాని రంగు నీటిలో కరుగుతుంది కాబట్టి పై ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్ చేసి, కొత్త ప్లేట్‌లో 450 నానోమీటర్ల దగ్గర చదవచ్చు.

ఎల్‌డీహెచ్ ప్రోటీన్, రేకుల మీద అతుక్కుపోతుంది. కణాలను ట్రైటన్ అనే డిటర్జెంట్‌తో పగలగొట్టి, ఆ ద్రవంలో సగానికి గ్రాఫీన్ ఆక్సైడ్ కలిపి గంట ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి, రెండు సగాలనూ పోల్చండి. ఎంత మాయమవుతోందో తెలిసిపోతుంది.

ట్రిపాన్ బ్లూ అనే, చచ్చిన కణాలకే ఎక్కే నీలి రంగుతో లెక్కించేటప్పుడు తేలుతున్న కణాలను పారబోయకండి. చచ్చినవి ఎక్కువగా వాటిలోనే ఉంటాయి.

జవాబు 2:
పొర సంగతే కావాలంటే ఎర్ర రక్తకణాలతో చేయండి, పొర చిరిగితే హీమోగ్లోబిన్ బయటికి వస్తుంది. పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో మూడుసార్లు కడిగి (500 జీ, 5 నిమిషాలు), 2 శాతం సస్పెన్షన్ చేసి, గ్రాఫీన్ ఆక్సైడ్ కలిపి, 37 డిగ్రీల దగ్గర 3 గంటలు ఉంచండి. నీళ్లు కలిపినది నూరు శాతం, పీబీఎస్ కలిపినది సున్నా. 540 నానోమీటర్ల దగ్గర చదివే ముందు పై ద్రవాన్ని మరోసారి ఎక్కువ వేగంతో తిప్పండి, లేకపోతే గ్రాఫీన్ ఆక్సైడ్ గోధుమ రంగే హీమోగ్లోబిన్‌లా లెక్కలోకి వస్తుంది. హీమోగ్లోబిన్ కూడా రేకులకు అంటుకుంటుంది, అందుకు విడి కంట్రోల్ తప్పదు.

జవాబు 3:
అసలు విషయం సీరం. 2011లో ఇవే ఏ549 కణాల మీద వచ్చిన ఫలితం ప్రకారం, 10 శాతం సీరంలో ప్రోటీన్లు రేకును కప్పేస్తాయి, విషప్రభావం బాగా తగ్గుతుంది. రేకు నేరుగా తగిలితే అంచులు, మూలలు పొరలోకి దిగుతాయి. ఈ.కోలై బ్యాక్టీరియా మీద 2013లో చూపినట్టు రేకులు ఫాస్ఫోలిపిడ్లను (పొరలోని కొవ్వు అణువులను) పెరికి తమ మీదికి లాక్కుంటాయి కూడా. అందుకే సీరం ఎంత, ఎప్పుడు కలిపారు అన్నది రాయకపోతే ఏ ఫలితాన్నీ మరోదానితో పోల్చలేం.

ఇంకోటి, ఉప్పుల్లో, ముఖ్యంగా కాల్షియం ఉంటే, రేకులు ముద్దకట్టి అడుగున కూర్చుంటాయి. అప్పుడు కణాల మీద పడే మోతాదు మీరు లెక్కవేసిన 100 కాదు. సోనికేషన్ (అతిధ్వని తరంగాలతో చెదరగొట్టడం) ఎంతసేపు చేస్తే రేకు అంత చిన్నదవుతుంది, చిన్న రేకులు ఎర్ర రక్తకణాలను ఎక్కువగా పగలగొడతాయి. ఆ సమయం కూడా రాసి పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:
సీరం లేకుండా 24 గంటలు ఉంచవచ్చా?

జవాబు 3:
వద్దండీ, ఆకలికే కణాలు దెబ్బతినవచ్చు. 2 నుంచి 4 గంటలు చాలు. గ్రాఫీన్ ఆక్సైడ్ లేని, సీరం లేని కంట్రోల్ పక్కనే పెట్టండి.