గోళీసోడా షాపు బోర్డుకి పాతకాలం లావు అక్షరాలు: తెలుగులో ఏది బాగుంటుంది?

రాంనగర్_సోడా:
అందరికీ నమస్కారం. రాంనగర్‌లో నాన్న నడిపిన సోడా బండి ఇప్పుడు చిన్న షాపు అవుతోంది. బోర్డు 8 అడుగుల వెడల్పు, రెండున్నర ఎత్తు. డెబ్బైల నాటి లుక్ కావాలి: లావుగా, గుండ్రంగా, చూడగానే నవ్వొచ్చేలా. ఇంగ్లిష్‌కి కూపర్ బ్లాక్ ఫాంట్ పెట్టాను, భలే కుదిరింది. తెలుగులో పైన ‘నిమ్మసోడా’, కింద ‘గోళీసోడా’ రావాలి. మామూలు ఫాంట్‌కి మందంగా అవుట్‌లైన్ వేసి లావు చేస్తే ముద్దలా తయారైంది. సోమవారం ఫ్లెక్స్ షాపులో ఫైల్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

నల్లకుంట_డీటీపీ:
బాలూ తమ్ముడు 2 అనే తెలుగు ఫాంట్ చూడండి. ఫాంట్లు గీసే ముంబై ఎక్ టైప్ వాళ్లది, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, షాపు బోర్డుకీ వాడుకోవచ్చు.

చిక్కడపల్లి_అక్షరాలు:
తమ్ముడూ, కూపర్ బ్లాక్ అంటే నాకు ప్రాణం. చికాగోలో ఆస్వాల్డ్ కూపర్ గీసిన అక్షరాలవి, 1922లో వచ్చాయి. అరవైలు, డెబ్బైల్లో మళ్లీ విపరీతంగా వాడారు, అందుకే చూడగానే ఆ కాలం గుర్తొస్తుంది. ఈజీజెట్ విమానాల మీదున్నదీ అదే. పెద్దది చేసి చూడు: ఎక్కడా పదునైన మూల ఉండదు, కింది అంచులు కూడా మెత్తగా వంపు తిరుగుతాయి. సున్నా లాంటి ‘ఓ’ లోపలి ఖాళీ కాస్త వెనక్కి వాలి ఉంటుంది. ఆ నవ్వు ముఖం దానివల్లే వచ్చింది.

మన లిపి ఎలాగూ గుండ్రమే. లావు చేసేటప్పుడు చూసుకోవాల్సింది లోపలి ఖాళీలు. నువ్వు వేసిన అవుట్‌లైన్ బయటికి ఎంత పెరిగిందో లోపలికీ అంతే పెరిగింది, సందులన్నీ పూడిపోయాయి. అదే పద్ధతిలో మెనూ బోర్డు చేస్తే ‘ధర’ కాస్తా ‘దర’ అయిపోతుంది. బాలూ తమ్ముడు మంచి సలహా. లావుగా ఉంటుందని తెలిసే గీసిన అక్షరాలు కాబట్టి ఖాళీలు నిలుస్తాయి. అందులో అన్నిటికన్నా లావుదైన ఎక్స్‌ట్రా బోల్డ్ తీసుకో.

ఇక వరసలు. ‘నిమ్మసోడా’ పైన పెడితే మ ఒత్తు కిందికి దిగి సరిగ్గా ‘ళీ’, ‘సో’ల నెత్తిమీద పడుతుంది. అది తగలకుండా వరసలు దూరం జరిపితే రెండున్నర అడుగుల్లో అక్షరాలు చిన్నవైపోతాయి. వరసలు మార్చెయ్. ‘గోళీసోడా’లో ఒక్క ఒత్తూ లేదు, అది పైన ఉంటే రెండు వరసలూ దగ్గరగా కూర్చుంటాయి. కింద మ ఒత్తుకి కావలసినంత చోటు దొరుకుతుంది. ఆట ఆడాలంటే అక్కడే ఆడు: ఒత్తు కొసని కొంచెం సాగదీసి, చివర గోళీ అంత చుక్క పెట్టు. ఒక్క చోటే చాలు. ప్రతి అక్షరానికీ ఏదో ఒకటి తగిలిస్తే చదవడం కష్టం.

నీడ వేస్తే కుడివైపు కిందికి, పలచగా. లావు అక్షరానికి లావు నీడ వేస్తే పక్క అక్షరం మీదెక్కుతుంది. మెరూన్ మీద పసుపు నాకు నచ్చుతుంది, నీ ఇష్టం.

రాంనగర్_సోడా:
అక్కా, వరసలు మార్చగానే బోర్డు నిండుగా వచ్చింది! కానీ నేను డిజైన్ చేసే ఇల్లస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో మ ఒత్తు విడిపోయి పక్కన కూర్చుంటోంది. ఫ్లెక్స్ షాపులోనూ ఇలాగే అవుతుందా?

నల్లకుంట_డీటీపీ:
ప్రిఫరెన్సెస్‌లో టైప్‌కి వెళ్లి ఇండిక్ ఆప్షన్స్ టిక్ పెట్టండి. తర్వాత పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోండి, ఒత్తు చోటికొస్తుంది. షాపుకి ఇచ్చే ముందు అక్షరాలన్నీ కర్వ్స్ చేసి, అంటే ఫాంట్‌తో పని లేని గీతల బొమ్మలుగా మార్చి, పీడీఎఫ్ ఇవ్వండి. అక్కడ ఫాంట్ లేకపోయినా ఏమీ కదలదు. డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్స్‌లో మళ్లీ కొట్టిస్తామంటే మాత్రం వద్దనండి, అక్షరాల రూపమే మారిపోతుంది.

చిక్కడపల్లి_అక్షరాలు:
కర్వ్స్ చేయని ఫైల్ కూడా ఒకటి దాచుకో, రేపు ధరల పట్టీకి కావాలి. ఫైల్ ఇచ్చే ముందు ఏ4 మీద ప్రింట్ తీసి గోడకి అంటించి, గదిలో ఆ చివర నుంచి చూడు. ‘ళీ’ గుడిదీర్ఘం స్పష్టంగా కనిపిస్తే ఇచ్చెయ్యొచ్చు. లేకపోతే అక్షరాల మధ్య ఎడం కొంచెం పెంచు.