‘పూర్వదేవాః’ – ఏ పూర్వం?

నిఘంటుప్రియ: అవెస్తా (జరతుష్ట్ర మతగ్రంథం) దేవతల గురించి చదువుతుంటే అమరంలోని (అమరసింహుడి సంస్కృత నిఘంటువులోని) అసుర పర్యాయాల శ్లోకం నాలుక మీదికి వచ్చి సగంలో ఆగిపోయింది. “అసురా దైత్యదైతేయదనుజేంద్రారిదానవాః, శుక్రశిష్యా దితిసుతాః…” ఆ తర్వాత నాలుగు అక్షరాలు, చివర “సురద్విషః”. ‘పూర్వ’ అని మొదలవుతుందని చెవి చెబుతోంది. ఆ మాట ఏమిటి, అక్కడ ‘పూర్వ’కు అర్థమేమిటి?

కోశాభిమాని: పూర్వదేవాః. ఒకప్పుడు దేవతలై ఉండి తర్వాత కాకుండా పోయినవారు. ఇరాన్ వైపు వారు దేవతలుగానే నిలిచారు. సప్త హప్త అయినట్టు, సోమ హౌమ అయినట్టు అసుర అక్కడ అహుర. జరతుష్ట్ర మతంలో పరమ దైవం అహుర మజ్దా. దయ్యమైపోయింది ‘దేవ’ శబ్దమే. అవెస్తాలో భాగమైన వెందీదాద్ 10వ అధ్యాయంలో పేరుపెట్టి తరిమే దయ్యాలలో ఇంద్రుడు, సౌర్వ, నాంఘైథ్య ఉన్నారు. సౌర్వ అంటే మన శర్వుడు (శివుడి పేరు), నాంఘైథ్య అంటే నాసత్యుడు (అశ్వినీదేవతల పేరు). అక్కడ ఓడినవారు ఇక్కడ గెలిచారు, ఇక్కడ ఓడినవారు అక్కడ గెలిచారు. ఆ పాత సంగతిని అమరసింహుడు నాలుగక్షరాలలో దాచిపెట్టాడు.

వేదాధ్యాయి: అమరసింహుడిని ఇరాన్ దాకా పంపనక్కరలేదు. పూర్వజుడు అంటే అన్న. పూర్వదేవులు అంటే దేవతల కంటే ముందు పుట్టినవారు. భారతం శాంతిపర్వంలోనే స్పష్టంగా ఉంది: “అసురా భ్రాతరో జ్యేష్ఠా దేవాశ్చాపి యవీయసః” (అసురులు అన్నలు, దేవతలు తమ్ముళ్ళు). ఇది అన్నదమ్ముల తగాదా, ఆస్తి పంపకం. పదవి పోగొట్టుకున్న కథ కాదు.

కోశాభిమాని: అన్నలని చెప్పడానికే అయితే ‘దేవపూర్వజాః’ అనవచ్చు కదా! ‘దేవాః’ అని వారినే అన్నాడు. సమాసంలో ప్రధానం ఏ పదమో చూడండి.

ధాతుశోధకుడు: మీరిద్దరూ ‘పూర్వ’ దగ్గర పెనుగులాడుతూ అసలైన అక్షరాన్ని వదిలేశారు. అసురలోని ‘అ’ నిషేధార్థకం కానే కాదు. అసువు అంటే ప్రాణం. నిరుక్తకారుడు యాస్కుడు చూపిన వ్యుత్పత్తుల్లో అదొకటి. ఋగ్వేదం 3వ మండలం 55వ సూక్తంలో ప్రతి మంత్రం చివరా “మహద్దేవానామసురత్వమేకమ్” అని వస్తుంది. అక్కడ అసురత్వం దేవతలకు వన్నె. సురను (మద్యాన్ని) కాదన్నవారు అసురులయ్యారన్న రామాయణ బాలకాండ వ్యుత్పత్తి తర్వాతి కల్పన. ‘అసుర’ను ‘అ + సుర’గా విరిచాకే దేవత అన్న అర్థంలో సుర శబ్దం పుట్టింది. విధవను ‘వి + ధవ’గా విరిచి, లేని ధవుణ్ణి (భర్తను) తెచ్చుకోలేదా? అదే పద్ధతి.

భాగవతప్రియ: పూర్వదేవుడు అనగానే నాకు బలి తప్ప మరొకరు గుర్తురారు. శుక్రశిష్యుడంటే ఆయనే కదా! గురువు దానం వద్దంటున్నాడు, అయినా పోతన బలి చూపు వామనుడి చేతి మీద ఉంది. లక్ష్మి కొప్పు మీద, చెక్కిలి మీద, పాదాల మీద ఆడిన చెయ్యి ఇప్పుడు కింద ఉంటుంది, నా చెయ్యి పైన ఉంటుంది, ఇంతకంటే ఏం కావాలి అంటాడు. వెంటనే “రాజ్యము గీజ్యమున్ సతతమే? కాయంబు నాపాయమే?”. మూడు లోకాలను ఏలినవాడు తన రాజ్యాన్ని ‘గీజ్యము’ అని తుడిచేశాడు. ఆ ‘గీ’ సంస్కృతంలో దొరకదు. ఏ సురుడి నోటా పోతన ఇంత గొప్ప మాట పలికించలేదని నా నమ్మకం.

ఛందోమిత్ర: ‘గీజ్యము’ అందరూ మెచ్చుకుంటారు. ‘నాపాయమే’ దగ్గర ఎవరైనా ఆగారా? చెడనిది అనడానికి ‘అనపాయము’ ఉండాలి. కానీ అది శార్దూలం. ‘కాయంబు’ తర్వాత మళ్ళీ తగణం (గురువు, గురువు, లఘువు) రావాలి, గురువుతో మొదలవ్వాలి. ‘కాయం బనపాయమే’ అంటే గణం చెడుతుంది. అందుకే న + అపాయము. ఛందస్సు కోసం చేసినదా, వ్యాకరణం ఒప్పుకుంటుందా?

ధాతుశోధకుడు: నకారం ‘అ’గా మారకుండా నిలిచే మాటలను పాణిని 6.3.75లో ఏకరువు పెట్టాడు: నాసత్య, నముచి, నకుల, నక్షత్ర, నాక మొదలైనవి. నాపాయము అందులో లేదు. ‘న’ను విడిపదంగా తీసుకుంటే చిక్కు లేదు.

భాగవతప్రియ: తెలుగు వాక్యం నడుమ విడి ‘న’నా? నా చెవికి సమాసంగానే వినిపిస్తోంది. పోతన ప్రయోగమే ప్రమాణమంటాను.

కోశాభిమాని: ఆ జాబితాలో మొదట చెప్పిన నాసత్యను చూశారా? వెందీదాద్ దయ్యం నాంఘైథ్య అతడే! క్రీ.పూ. 14వ శతాబ్దిలో మితన్ని రాజు హిట్టైటులతో చేసుకున్న సంధిలో మిత్ర, వరుణ, ఇంద్రులతోపాటు సాక్షులుగా నిలిచినదీ నాసత్యులే. ఒకచోట సంధికి సాక్షులైనవారు ఇంకొకచోట దయ్యాలయ్యారు. పూర్వదేవుడు అంటే ఇదే.

పారసీకాసక్తుడు: తారుమారు అంత తిన్నగా జరగలేదు. ఇంద్రుడు దయ్యమయ్యాడు గానీ, వృత్రఘ్నుడన్న ఆయన బిరుదు వెరెథ్రఘ్నగా విజయదేవత అయి పూజలందుకుంది. బహ్రామ్ అన్న పేరు అందులోంచి వచ్చినదే. మిత్రుడు మిథ్రగా మన్ననలోనే ఉన్నాడు. పెర్సెపోలిస్ శాసనంలో పారసీక చక్రవర్తి క్షయార్ష (జెర్క్సెస్) ‘దైవ’లను, అంటే అక్కడి దయ్యాలను, కొలిచే చోటును కూల్చి అక్కడ అహుర మజ్దాను కొలిచానని చెప్పుకొన్నాడు. ఆ చోటుకు శాసనంలో వాడిన మాట ‘దైవదాన’. కూల్చినది ఎవరి గుడి అన్నది మాత్రం శాసనం చెప్పదు.

నిఘంటుప్రియ: నేను అడిగినది ‘పూర్వ’ గురించి.

వేదాధ్యాయి: దానికే వస్తున్నాను. బృహదారణ్యక ఉపనిషత్తులో “కానీయసా ఏవ దేవా జ్యాయసా అసురాః” అని ఉంది. చిన్నవారు, పెద్దవారు అని నేను చదువుతాను.

కోశాభిమాని: శంకరులు అలా చదవలేదు. సంఖ్యలో తక్కువవారు, ఎక్కువవారు అన్నారు. మీ అన్నగారి వాదానికి అక్కడ ఆధారం లేదు.

వేదాధ్యాయి: శాంతిపర్వం ఉంది కదా. దానికి మీరింకా జవాబు చెప్పలేదు.

ఛందోమిత్ర: నాపాయానికి పోతన కాక మరో కవి ప్రయోగం ఎవరైనా చూపగలరా?