గాలిమర రెక్కలు అరిగేది వానకా, దుమ్ముకా?

వనపర్తి రైతు: అనంతపురం జిల్లాలో మా బావగారి చేను పక్కనున్న గాలిమరల రెక్కలు అంచుల వెంట గరుకెక్కాయి. అడిగితే గాలిమరల వాళ్లు వాన దెబ్బ అన్నారట. కరువు సీమలో కురిసే నాలుగు చినుకులు అంత రెక్కను తింటాయా? నా దృష్టిలో అది దుమ్ము పనే.

నల్లగొండ అధ్యాపకుడు: 50 మీటర్ల రెక్క నిమిషానికి 15 చుట్లు తిరిగితే దాని కొన గంటకు సుమారు 280 కిలోమీటర్ల వేగంతో చినుకును ఢీకొంటుంది. ఆ వేగంలో నీటి బొట్టు కూడా సుత్తి దెబ్బే. అదే చోట లక్షల దెబ్బలు పడేసరికి పైపూత అలసి పెచ్చులుగా లేస్తుంది. రెక్క మొదలు దగ్గర నెమ్మదిగా కదిలే భాగం మాత్రం నున్నగానే ఉంటుంది.

జడ్చర్ల వాసి: మా ఇంటి ఫ్యాను రెక్కలకు దుమ్ము పట్టడమే గానీ అరగడం చూడలేదు.

వనపర్తి రైతు: ఇసుక కొట్టినా ముందంచు, కొన దగ్గరే అరుగుతుంది కదా! మీ లెక్క దుమ్మును ఎక్కడ తోసిపుచ్చింది?

దేవరకొండ టెక్నీషియన్: తాడు మీద దిగి రెక్కలు బాగుచేయడం నా వృత్తి. ఇసుక, వడగళ్లు, పురుగులు కూడా పూతను దెబ్బతీస్తాయి. ముందుగా సూదిమొన రంధ్రాలు పడతాయి, అవి కలిసి గుంటలవుతాయి, ఆపై గాజు పీచు పోగులు వేలికి గుచ్చుకుంటాయి. గుంటల దశలోనే పూడ్చి, సానబట్టి, పాలియురెథేన్ అనే సాగే ప్లాస్టిక్ పట్టీ అతికిస్తే సరిపోతుంది.

నల్లగొండ అధ్యాపకుడు: అయినా మొదటి కారణం వానే. దుమ్ము రెండోది.

వనపర్తి రైతు: మీకు మొదటిదో రెండోదో తేలితే చాలు! అరిగిన రెక్క రాత్రంతా బుసకొడుతుంటే మా అక్క కంటికి కునుకు లేదు, చేలో పెచ్చులు కూడా ఏరుకున్నారు. ఫిర్యాదు చేస్తే, వాన దేవుడి పని, మేమేం చేస్తామన్నారు. వాన అని ఒప్పుకుంటే ఎవరికీ బాధ్యత లేనట్టే కదా?

దేవరకొండ టెక్నీషియన్: మీ కోపం అక్కడ ఉందని ఇప్పుడర్థమైంది. కారణం వానే అయినా, గుంటలు కనిపించాక రెండు వానాకాలాలు వదిలేయడం మనుషుల పనే. పైగా గరుకు రెక్క గాలిని సరిగా పట్టదు, కరెంటు ఉత్పత్తీ తగ్గుతుంది.

నల్లగొండ అధ్యాపకుడు: బాధ్యత వేరే చర్చ. ఇక్కడ అడిగింది కారణం.

జడ్చర్ల వాసి: గడువు తీరాక ఆ రెక్కలను ఎవరు తీసుకుపోతారు? గాజు పీచూ, రెసిన్ అనే జిగురూ కలిసి గట్టిపడ్డ సరుకు కరిగించి మళ్లీ పోతపోసేది కాదంటారు.

వనపర్తి రైతు: కౌలు కాగితం బావగారితో చదివించాను. అద్దె, దారి, స్తంభాల గురించి ఉంది గానీ రెక్కల మాటే లేదు.