29 లక్షలకు పాత ఎక్స్3నా, అదే డబ్బుకు కొత్త సఫారీనా?

కొంపల్లి_కుర్రోడు:
బడ్జెట్ 30 లక్షలు, అందులో 12 లోను. ఇంట్లో నలుగురం. వారానికి మూడు రోజులు కొంపల్లి నుంచి హైటెక్ సిటీకి ఆఫీసు, నెలకోసారి కరీంనగర్‌లో అత్తగారిల్లు, అంతే తిరుగుడు. నేను చూసింది 2019 బీఎండబ్ల్యూ ఎక్స్3 20డీ, డీజిల్, ఫస్ట్ ఓనర్, 62 వేల కిలోమీటర్లు, 29 అడుగుతున్నాడు. కాస్త అటూ ఇటూగా అదే డబ్బుకు కొత్త టాటా సఫారీ పై మోడల్ ఆన్‌రోడ్ వచ్చేస్తుంది. మా ఆవిడది సఫారీ పార్టీ. నాకేమో ఎక్స్3 టెస్ట్ డ్రైవ్ చేసినప్పటి నుంచి నిద్ర పట్టట్లేదు. కొనమంటారో వద్దంటారో మీ ఇష్టం, కారణం మాత్రం చెప్పండి.

ఘాట్‌రోడ్_గిరి:
కళ్లు మూసుకుని తీసుకో భయ్యా. ఈ తరం ఎక్స్3 మన దగ్గరికి 2018 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు ఎక్స్ షోరూం 49.99 లక్షలు, పై వేరియంట్ 56.70. దాని మీద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కట్టి సగానికి సగం పోగొట్టుకున్నది మొదటి ఓనరు, నువ్వు కాదు. అదే కొత్త సఫారీ తీసుకుంటే ఆ మొదటి ఓనరు నువ్వే. ఎక్స్3లో 190 హార్స్‌పవర్, ఆల్‌వీల్ డ్రైవ్, 8 గేర్ల జెడ్ఎఫ్ ఆటోమేటిక్. నేను మూడేళ్లుగా ఇదే నడుపుతున్నా, శ్రీశైలం ఘాట్‌లో మా అమ్మ వెనక సీట్లో నిద్రపోతుంది, ఇంతకు ముందు బండిలో నిమ్మకాయ చేతిలో పెట్టుకుని కూర్చునేది.

ఒకప్పటి_ఓనర్:
గిరి గారూ, ధర పడింది బండికి, విడిభాగాలకు కాదు. నాదీ జర్మన్ ఎస్‌యూవీయే, కంపెనీ పేరు చెప్పను, 2021లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. మొదటి ఏడాది రాజాలా తిరిగా. రెండో ఏడాది మిర్యాలగూడలో పెళ్లి చూసుకుని వస్తుంటే రాత్రి పదకొండింటికి గుంటలో పడి టైరు సైడ్‌వాల్ చీలింది. రన్‌ఫ్లాట్ టైర్లు కదా, స్టెప్నీ ఉండదు. పంక్చరైతే మెల్లగా నడుపుకుంటూ పోవచ్చు గానీ సైడ్‌వాల్ చీలితే అదీ లేదు. ఆ సైజు నల్గొండలో కూడా దొరకలేదు, పట్టు పంచెతో ఫ్లాట్‌బెడ్ లారీ ముందు సీట్లో హైదరాబాద్ వచ్చా. ఇక్కడేమో ఒక్క టైరు మారిస్తే కుదరదన్నారు. అరిగిన మూడింటి పక్కన కొత్తది వేస్తే చుట్టుకొలత తేడా వచ్చి, ముందు వెనక చక్రాలకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద భారం పడుతుందట, అది పోతే టైర్ల ఖర్చు చిల్లర లెక్క. నాలుగూ మార్చా. ఆ తర్వాత పార్కింగ్‌లో ఎవడో ముందు బంపర్ పగలగొట్టాడు. ఐదేళ్లు దాటిన బండికి జీరో డెప్, అంటే అరుగుదల కోత లేని ఇన్సూరెన్స్, చాలా కంపెనీలు ఇవ్వవు, నాకూ ఇవ్వలేదు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం కోత, ఈ బండ్ల ముందు భాగమంతా ప్లాస్టిక్కే. ప్రీమియం తక్కువని సంబరపడ్డా, ఎందుకు తక్కువో ఆ రోజు అర్థమైంది.

ఇంకోటి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద ఎస్‌యూవీల మీద జీఎస్టీ, సెస్ కలిపి 50 శాతం ఉన్నది 40 అయింది. కొత్త వాటి రేట్లు దిగాయి కాబట్టి పాతవీ దిగాలి. అమ్మేవాళ్లు మాత్రం ఏమీ జరగనట్టు పాత రేటే చెప్తున్నారు. కొన్నా కొనకపోయినా 29 మాత్రం ఇవ్వకు తమ్ముడూ.

ఘాట్‌రోడ్_గిరి:
మీది బాధాకరమే సార్, కాదనను. కానీ అది గుంట తప్పు, బండి తప్పు కాదు. నేను కొన్న నెలలోనే రన్‌ఫ్లాట్లు తీసేసి మామూలు టైర్లు వేయించా, డిక్కీలో స్టెప్నీ పడేశా. డిక్కీ సగం పోయింది, నిద్ర మాత్రం పడుతోంది. రేటు విషయంలో మీతో ఏకీభవిస్తా.

డాలస్_నాయుడు:
అసలు జర్మన్ బండ్లే ఎందుకు బ్రో, లెక్సస్ ఆర్ఎక్స్ చూడు. ఇక్కడ మా వాళ్లందరూ వాడినవే కొంటారు, ఆయిల్ మార్చుకుంటూ పోవడమే, లక్షన్నర మైళ్లు తిరిగినవి ఉన్నాయి.

కొంపల్లి_కుర్రోడు:
నాయుడన్నా, లెక్సస్ ఇండియాకు వచ్చిందే 2017లో. నా బడ్జెట్‌లో సెకండ్ హ్యాండ్ ఆర్ఎక్స్ దొరికితే ముందు నీకే ఫోటో పెడతా. ఈలోపు ఢిల్లీలో ఇదే మోడల్ 23కే ఉందని ఒకాయన మెసేజ్ పెట్టాడు, ఆరు లక్షలు మిగిలినట్టేగా?

ఒకప్పటి_ఓనర్:
మిగలవు. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని ఢిల్లీలో 2015 నుంచి ఎన్జీటీ (పర్యావరణ ట్రిబ్యునల్) గొడవ, అందుకే అక్కడ డీజిల్ చవక. ఎన్ఓసీ తెచ్చి ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బండి వయసును బట్టి శాతం తగ్గుతుంది గానీ లెక్క కట్టేది మొదటి ఇన్‌వాయిస్ ధర మీద, నువ్విచ్చిన 23 మీద కాదు. పైగా చూడ్డానికి రెండుసార్లు పోయి రావాలి.

సింగ్‌నగర్_శీను:
బెజవాడ నుంచి ఒక ముక్క. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చినప్పుడు మా వీధిలో మునిగిన కార్లన్నీ తుక్కుకు పోలేదు, కడిగి పాలిష్ పెడితే ఎక్కడికైనా పోతాయి. మీ హైదరాబాద్‌లోనూ 2020 అక్టోబర్‌లో మునిగాయి. సీటు బెల్టును చివరిదాకా, ఇక రానన్నంత వరకు లాగండి. సీటు కవర్లు మారుస్తారు, కార్పెట్ మారుస్తారు, బెల్టు లోపల చుట్టుకున్న భాగం ఎవడూ కడగడు. మట్టి గీత అక్కడ ఉంటుంది. మా పక్కింటాయన బండికి ఆ గీత జానెడు వెడల్పు, ఇప్పటికీ కళ్ల ముందుంది. డిక్కీ కింద బ్యాటరీ ఉండే గుంటలో కూడా వేలు పెట్టి చూడండి, సన్నటి ఒండ్రు తగులుతుంది.

గ్యారేజ్_గంగన్న:
ఇరవై ఏళ్లు దాటింది ఈ పనిలో. గిరి, ఒకప్పటి ఓనర్ ఇద్దరూ కరెక్టే, కానీ ఇద్దరూ అడగనిది ఒకటుంది. బండి ధర కాక పక్కన ఎంత పెట్టుకున్నావ్? 30 బడ్జెట్‌లో 29 బండికే పోతే నువ్వు ఇది కొనకూడదు, అంతే. 24, 25లో దొరికి మూడు నాలుగు లక్షలు ముట్టుకోకుండా బ్యాంకులో ఉంటే కొను. మొదటి ఆరు నెలల్లో అది కచ్చితంగా ఖర్చవుతుంది. గేర్‌బాక్స్ ఆయిల్ లైఫ్‌టైమ్ అని షోరూంలో చెప్తారు, ఆ గేర్‌బాక్స్ చేసిన జెడ్ఎఫ్ వాళ్లే 80 వేల నుంచి లక్షా ఇరవై వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటారు. దాని ఫిల్టరు ప్లాస్టిక్ ప్యాన్‌తో కలిసే వస్తుంది, మొత్తం మార్చాల్సిందే. 2018లో ఈ కంపెనీ డీజిల్ బండ్లకు ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగొచ్చే పొగను చల్లబరిచే భాగం) మీద చాలా దేశాల్లో రీకాల్ జరిగింది, ఈ ఛాసిస్ నంబరుకు ఏదైనా పెండింగ్ ఉందేమో అడుగు. ఇక వారానికి మూడు రోజులు ట్రాఫిక్‌లో పాకించే డీజిల్‌కు మసి పడుతుంది, నెలకో రెండుసార్లు ఓఆర్ఆర్ ఎక్కించి గంటసేపు సాఫీగా నడపాలి. అది నీ వల్ల కాకపోతే సఫారీ డీజిల్‌కైనా ఇదే కథ.

అన్నిటికంటే ముందు, చూడ్డానికి పొద్దున్నే వెళ్లు. స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టు. చల్లగా ఉన్న ఇంజిన్ చెప్పేవన్నీ వేడెక్కాక దాచేస్తుంది. మోత, పొగ, గేరు కుదుపు, అన్నీ మొదటి రెండు నిమిషాల్లోనే.

కొంపల్లి_కుర్రోడు:
గంగన్నా, ఆ మూడు లక్షల సంగతి మా ఆవిడకు చదివి వినిపించకుండా ఉండాల్సింది. అయినా ఆదివారం చూసొస్తా.

కొంపల్లి_కుర్రోడు:
వెళ్లొచ్చా. ఏడున్నరకు వస్తానని రాత్రే చెప్పి, ఆరున్నరకే గేటు ముందు దిగా. బెల్టు శుభ్రంగానే ఉంది శీను గారూ. ముందు టైర్లు ఒక కంపెనీవి, వెనక టైర్లు ఇంకో కంపెనీవి, వెనకవి సగానికి పైగా అరిగాయి. సర్వీస్ రికార్డు అడిగితే వాట్సాప్‌లో పంపుతానన్నాడు. బానెట్ మీద చెయ్యి పెట్టా, వేడిగా ఉంది. ఏంటండీ అంటే, ఇప్పుడే పాలకు వెళ్లొచ్చానన్నాడు. పాల బూత్ వాళ్ల గేటు పక్కనే ఉంది.