పొత్తులు మారుతుంటే దేశాధినేతల మాట నమ్మొచ్చా?

చదువరి:
1994లో బుడాపెస్ట్‌లో భద్రతా హామీల పత్రం మీద సంతకాలయ్యాక ఉక్రెయిన్ తన గడ్డ మీదున్న అణ్వస్త్రాలన్నీ వదులుకుంది. సరిహద్దులు గౌరవిస్తామని సంతకం పెట్టిన రష్యానే 2014లో క్రిమియాను కలిపేసుకుంది, 2022లో పూర్తిస్థాయి యుద్ధానికి దిగింది. అమెరికా, బ్రిటన్‌లూ అందులో సంతకందారులే, సైన్యం మాత్రం పంపలేదు. పైగా 2025 మార్చిలో అమెరికా ఆయుధాలు, నిఘా సమాచారం రెండూ కొన్నాళ్లు ఆపేసింది. ఇది నమ్మకద్రోహం కాకపోతే మరేమిటి?

రావిచెట్టు:
రష్యాది ద్రోహమే, అందులో రెండో మాట లేదు. మిగతా ఇద్దరినీ అదే గాటన కట్టలేమండీ. సైన్యం పంపుతామన్న వాక్యమే ఆ పత్రంలో లేదు. అణ్వస్త్రాలతో దాడి జరిగితే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిని కదిలిస్తామన్నారు, అంతే. మండలిలో రష్యాకు వీటో ఉంది. దాడి చేసినవాడే ఫిర్యాదును కొట్టిపారేయగలడన్నమాట! అమెరికా సెనేట్ ఆమోదానికి దాన్ని పంపనే లేదు. ఆ రోజే అడగాల్సిన ప్రశ్నలివి.

అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో ఒప్పందంలోని ఆర్టికల్ 5 సంగతీ చూడండి. ఒకరి మీద దాడి అందరి మీదా దాడేనన్నంత వరకే జనానికి గుర్తు. ఆ తర్వాత, ప్రతి దేశమూ తనకు అవసరమనిపించిన చర్య తీసుకుంటుందని రాసుంది. సైన్యాన్ని పంపడం అందులో ఒకటి మాత్రమే.

సంధ్య_కె:
రావిచెట్టు గారూ, కూటమి బలం ఆ వాక్యంలో లేదు, అవతలివాడు దానికి జంకడంలో ఉంది. 2024 ప్రచారంలో ట్రంప్, రక్షణకు తగినంత ఖర్చు పెట్టని సభ్యదేశాలను కాపాడనని అన్నప్పుడు ఒప్పందంలో అక్షరం మారలేదు. యూరప్‌లో అలజడి మాత్రం మొదలైంది. సెనేట్‌లో మూడింట రెండొంతుల ఆమోదమో, కాంగ్రెస్ చట్టమో లేకుండా అధ్యక్షుడు నాటో నుంచి వైదొలగకూడదని 2023 డిసెంబర్లోనే చట్టం వచ్చింది. సభ్యత్వం వదలకుండానే సాయానికి వెళ్లకపోతే? దానికి ఆ చట్టంలో మందు లేదు.

రావిచెట్టు:
ఒప్పుకుంటాను. అందుకే వెనక్కి తీసుకోవడం కష్టమైన వాటినే లెక్కలోకి తీసుకోవాలంటాను. హామీని చట్టసభ ఆమోదించిందా? ఏ ఏడాది బడ్జెట్‌లో డబ్బు చూపించారు? బలగాలు ఇప్పటికే అక్కడ ఉన్నాయా, దాడి జరిగాక బయల్దేరాలా? జర్మనీ 2027 నాటికి సుమారు 5,000 మందితో నాటో సభ్యదేశమైన లిథువేనియాలో శాశ్వతంగా ఒక బ్రిగేడ్‌ను ఉంచబోతోంది. బ్యారక్‌లు కట్టి, సైనికుల కుటుంబాలకు బడులు, ఇళ్లు చూపించాక నాయకుడు మారినా దాన్ని రాత్రికి రాత్రి ఎత్తేయలేరు. వంద ప్రసంగాల కంటే నాకు అదే నమ్మకం.

చదువరి:
డబ్బు లెక్కతోనూ మభ్యపెట్టొచ్చు కదా. 2025 జూన్‌లో హేగ్‌లో నాటో దేశాలు 2035 నాటికి జీడీపీలో 5 శాతం రక్షణకు పెడతామన్నాయి. అందులో అసలు రక్షణ ఖర్చు 3.5 శాతమే. మిగతా 1.5లో వంతెనలు, రేవులు, సైబర్ భద్రత లాంటివీ చూపించొచ్చు. ఎలాగూ కట్టాల్సిన వంతెనను రక్షణ పద్దులో రాసేస్తే లక్ష్యం చేరినట్టే! స్పెయిన్ అప్పుడే తనవల్ల కాదంది. సంతకం పెట్టినవాళ్లలో 2035లో పదవిలో ఉండేదెందరు? ఏటా ప్రణాళిక ఇవ్వాలని, 2029లో సమీక్షించాలని వాళ్లే రాసుకున్నారు. ఆ వార్షిక ప్రణాళికల్లో 3.5 శాతం పద్దును విడిగా తమ పార్లమెంటుల ముందు పెట్టమనండి. అందాకా జనం కోపాన్ని తప్పుపట్టను.