ఏడాది సేవకు ఎదురు డబ్బు కట్టి వెళ్లాలా?

చిగురాకు:
ఒక సంస్థ ద్వారా ఏడాదిపాటు వేరే దేశంలో బడిపిల్లలకు ఇంగ్లీషు చెప్పే అవకాశం వచ్చింది. జీతం ఉండదు, అది ముందే తెలుసు. కానీ విమానం ఖర్చు నాదే, పైగా నెలనెలా సంస్థకు ఫీజు కట్టాలట. తిండి, వసతి, శిక్షణ కోసం అంటున్నారు. "సేవ చేసేది నువ్వు, ఎదురు డబ్బు కట్టేదీ నువ్వేనా?" అని ఇంట్లో ఒకటే గొడవ. వెళ్లొచ్చినవాళ్లు, తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కలపుస్తకం:
మీ ఇంట్లోవాళ్లు అడిగింది సబబే. వాలంటీర్లను వేరే దేశాలకు పంపే అమెరికా ప్రభుత్వ కార్యక్రమం పీస్ కోర్ సంగతి చూడండి, 1961లో మొదలైంది. మొత్తం 27 నెలలు. మొదటి మూడు నెలలు భాషతో సహా శిక్షణ, తర్వాత రెండేళ్లు పని. ఖర్చులకు భృతి, వైద్యం వాళ్లదే. రెండేళ్లూ పూర్తిచేసి వచ్చినవాళ్లకు మళ్లీ నిలదొక్కుకోవడానికి 10,000 డాలర్లకు పైగా చేతికిస్తారు. అది అమెరికా పౌరులకే అనుకోండి. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం 1971 నుంచి నడుస్తోంది, అందులో ఇతర దేశాలవాళ్లూ చేరవచ్చు. అక్కడా భృతి, బీమా ఉంటాయి, దరఖాస్తుకు పైసా తీసుకోరు. ఆ పేరు చెప్పి ఎవరైనా ఫీజు అడిగితే అది మోసమే.

గట్టుమీదమనిషి:
అవి ప్రభుత్వాల డబ్బుతో నడిచేవండీ. చిన్న సంస్థకు ఆ డబ్బు ఎక్కడిది? నేను నాలుగేళ్లు వాలంటీర్లను దించుకునే వైపు పనిచేశాను. కొత్తగా వచ్చినవాళ్లకు భాష రాదు, బస్సు ఎక్కడం రాదు. జ్వరం వస్తే ఆస్పత్రికి తీసుకెళ్లి, డాక్టరు మాట తర్జుమా చేసి చెప్పడానికి ఒక మనిషి కావాలి. మొదటి మూడు నెలలు వాళ్ల వల్ల మాకు పని పెరిగేదే గానీ తగ్గేది కాదు. ఆ ఖర్చు ఆ ఊరి బడి నెత్తిన వేయమంటారా? ఫీజు తీసుకోవడం తప్పు కాదు. దేనికెంతో విడివిడిగా చెప్పకపోతే అది తప్పు.

లెక్కలపుస్తకం:
ఎంతమంది చెబుతారండీ అలా? ఇంకో చిక్కుంది. డబ్బు వాలంటీరు దగ్గర్నుంచి వస్తే సంస్థకు కస్టమర్ అతనే. అతనికి నచ్చే పని తయారుచేస్తారు, ఊరికి కావలసింది కాదు. కాంబోడియా అనాథాశ్రమాల్లో జరిగింది ఇదే. విదేశీయులు వస్తున్నారు, విరాళాలు వస్తున్నాయి అని, తల్లిదండ్రులు బతికున్న పిల్లల్ని కూడా తెచ్చి ఆశ్రమాల్లో పెట్టారు. 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు ఆస్ట్రేలియా ఇలాంటి తరలింపునూ లెక్కలోకి తీసుకుంది.

గట్టుమీదమనిషి:
అనాథాశ్రమాల విషయంలో మీతో వాదన లేదు, ఎవరూ వెళ్లకూడదు. కానీ అది ఎక్కువగా రెండు వారాలకు వచ్చి ఫొటోలు దిగి పోయేవాళ్ల వల్ల పెరిగింది. చిగురాకు గారు అడుగుతున్నది బడిలో ఏడాది పని గురించి. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

తిరుగుటపా:
రెండేళ్లు చేసి వచ్చాను. ఫీజు సంగతి తర్వాత. నేను వెళ్లేసరికి ఆ తరగతికి అక్కడి టీచరమ్మ ఉన్నారు. నన్ను ఆమె కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె పీరియడ్లు తగ్గాయి, జీతమూ తగ్గింది. నాకీ సంగతి తెలిసింది ఐదో నెలలో. ఆమె ఎప్పుడూ ఒక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఎక్కువకాలం ఉంటే మేలు చేసినట్టే అని నేనూ అనుకునేవాణ్ణి. ఎక్కువకాలం ఉండి ఎక్కువ నష్టం కూడా చేయొచ్చు.

1968లో మెక్సికోలో ఇవాన్ ఇలిచ్ అనే ఆలోచనాపరుడు అమెరికన్ విద్యార్థి వాలంటీర్ల ముఖం మీదే ఈ మాట చెప్పాడు: చూడటానికి రండి, చదువుకోవడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దని. నేను అంతదూరం పోను. కానీ "నన్ను రమ్మని అడిగింది ఎవరు? నా పక్కన పనిచేసే అక్కడి టీచరు ఎవరు?" అని వెళ్లకముందే అడిగి ఉండాల్సింది.

వీసా కూడా అడగండి. "టూరిస్టునని చెప్పి రండి, మేం చూసుకుంటాం" అంటే ఒప్పుకోకండి. జీతం లేకపోయినా చాలా దేశాల్లో అది పని కిందకే వస్తుంది, దొరికితే వెనక్కి పంపేది మిమ్మల్నే. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో చాలావాటికి రోజుల పరిమితి ఉంటుంది, ఏడాదికి పనికిరాదు. అత్యవసరంగా పెద్దాస్పత్రికి తరలించే ఖర్చు అందులో ఉందా చూడండి. ఎల్లో ఫీవర్ టీకా అడిగే దేశమైతే కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. మలేరియా మాత్రల్లో మెఫ్లోక్విన్ రాస్తే డాక్టరుతో వివరంగా మాట్లాడండి. మనసు మీద, నరాల మీద దుష్ప్రభావాలుంటాయని 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది.

లెక్కలపుస్తకం:
చూశారా, నేను చెప్పేదీ ఇదే.

తిరుగుటపా:
కాదండీ. నేను ఫీజు కట్టలేదు, భృతి తీసుకునే వెళ్లాను. అయినా ఆ టీచరమ్మకు జరిగింది జరిగింది.

గట్టుమీదమనిషి:
ఈ మాట కోసమే చూస్తున్నా.

చిగురాకు:
అందరికీ థాంక్సండీ. సంస్థకు మెయిల్ పెట్టాను. ఫీజు వివరాలు ఒక్కరోజులో పంపారు, అందులో దాదాపు సగం "కార్యాలయ నిర్వహణ" అని ఉంది. వీసా టూరిస్టుది కాదు, వాలంటీరుకు ఇచ్చేదేనట. నా పక్కన ఏ టీచరు ఉంటారో, ఇప్పుడు ఆ క్లాసు ఎవరు చెబుతున్నారో మాత్రం రెండుసార్లు అడిగినా జవాబు లేదు. సీటు ఖాయం కావాలంటే శుక్రవారంలోపు మొదటి నెల ఫీజు కట్టమంటున్నారు.

తిరుగుటపా:
బడి ప్రధానోపాధ్యాయుడి నంబరు అడగండి. ఇవ్వకపోతే శుక్రవారాన్ని దాటిపోనివ్వండి.